చేను కనపడని చోటు

థాయ్‌లాండ్ అనగానే మీరు లోలోపల నవ్వుకుంటారని నాకు తెలుసు. మా వైపు నలుగురు మగాళ్ళు కలిసి ఆ దేశం వెళ్ళారంటే ఊళ్ళో అందరూ అలాగే నవ్వుతారు. మా ఆవిడ శ్రీదుర్గ కూడా మొదట నన్ను అదే చూపు చూసింది. మేం వెళ్ళింది అందుకు కాదండీ. అంతకన్నా చెడ్డ పనికి.

రెండేళ్ళ క్రితం మాట. దాళ్వా, అంటే రెండో పంట, కోతలైపోయి, కాలవలు కట్టేసి, చేలు ఎండకు నెర్రెలు విచ్చుకున్న రోజులు. మా చేలు ముదినేపల్లికి రెండు మైళ్ళ దూరం. మా చేలంటే నలుగురివి. నాది, వీరాస్వామిది, సాయికృష్ణది, పాపారావుది, నాలుగూ గట్టుకి గట్టు ఆనుకునే ఉంటాయి. నలుగురం ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద కూచున్నవాళ్ళం. సాయికృష్ణ వాళ్ళు షావుకార్లు. వాడికి తాడేపల్లిగూడెంలో పురుగుమందుల కొట్టుంది, ఇక్కడి చేను తాతలనాటిది. వీరాస్వామికి తినడం, పక్కవాడికి తినిపించడం తప్ప వేరే ధ్యాస లేదు. పాపారావు ఒక్కడే అసలైన రైతు. మేమూ రైతులమే గానీ, మాకు పని ఉంటే చేనుకి వెళ్ళేవాళ్ళం. వాడు పని లేకపోయినా వెళ్ళేవాడు.

కొల్లేటి వైపు నుంచి చేపల చెరువులు ఏడాదికి ఇంత చొప్పున జరుగుతూ జరుగుతూ మా గట్ల దాకా వచ్చేశాయి. మూడు పక్కలా నీళ్ళు నిలవుంటే ఊట మా చేలల్లోకి దిగకుండా ఎక్కడికి పోతుంది? ఆ ఏడు కోత మిషను నా చేలో దిగబడిపోయింది. రెండు ట్రాక్టర్లు పెట్టి లాగించేసరికి పొద్దు గుంకింది. పండిన వరి సగం బురదలో కలిసిపోయింది. ఇక చాలు, మనమూ చెరువుకిచ్చేద్దాం అని నేను ఆ రోజే అనుకున్నాను.

లీజుకి తీసుకుంటామన్నవాళ్ళది ఒకటే మాట. నాలుగు ముక్కలూ కలిపి ఒకే చెరువైతేనే తీసుకుంటారు. మధ్యలో ఉన్నది పాపారావు నాలుగెకరాలు. నీళ్ళ బోదె వాడి చేలోంచి, బండి దారి వాడి గట్టు మీంచి. వాడు ఊఁ అనకపోతే మా ముగ్గురి చేలకీ మోక్షం లేదు. పైగా జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలేలోగా పొక్లెయిన్లు దిగి తవ్వేయాలి. ఆ తర్వాతైతే ఆ ఏటికి తవ్వకం లేనట్టే.

ముగ్గురం కలిసి వెళ్ళి వాణ్ణి గట్టు మీదే అడిగాం. వాడు పారతో గట్టు చెక్కుతున్నాడు. నీళ్ళు రావడానికి ఇంకా నెలన్నర ఉంది, గట్టు చెక్కాల్సిన అవసరం ఏమీ లేదు.

"అందరూ ఇచ్చేస్తున్నార్రా. నువ్వొక్కడివీ ఎన్నాళ్ళు లాగుతావు?" అన్నాడు సాయికృష్ణ.

పాపారావు పార ఆపి చెమట తుడుచుకున్నాడు. కోప్పడలేదు. "బానే ఉంటుందిరా, కాదనను. కానీ చేను లేకపోతే పొద్దున్నే లేచి నేనెక్కడికెళ్ళాలి?" అన్నాడు.

వీరాస్వామి పక్కకి తిరిగి దగ్గాడు. వారం పోయాక మళ్ళీ అడిగితే వాడు మళ్ళీ అదే మాట అన్నాడు.

ఉపాయం సాయికృష్ణకే తట్టింది. తాడేపల్లిగూడెంలో వాడి కొట్టు వెనక గదిలో మమ్మల్నిద్దర్నీ కూచోబెట్టి చెప్పాడు. "ఇక్కడ మనం ఎన్నిసార్లు అడిగినా కాదంటాడు. ఎందుకంటే చేలో నిలబడి జవాబు చెబుతున్నాడు. చేను కనపడని చోటికి తీసికెళ్ళి అడగాలి."

"ఏలూరు తీసికెళ్దామా?" అన్నాడు వీరాస్వామి.

"ఏలూరు వెళితే దారంతా చేలే గదరా! సముద్రం దాటాలి."

కంపెనీవాళ్ళు డీలర్లకి ఏటా ఫారిన్ ట్రిప్పులిస్తారని మా వైపు అందరికీ తెలుసు. అదే వంక. కంపెనీ నలుగురికి టిక్కెట్లిచ్చింది, నాతో మీరు రావాలి అని పాపారావుకి చెబుతానన్నాడు. నిజానికి కంపెనీ ఇచ్చింది ఒక్కటే. మిగతావి మేం ముగ్గురం వేసుకున్నాం. ఇక అక్కడ అడగాల్సింది ఎవరయ్యా అంటే, ఇద్దరూ నా వైపు చూశారు. చిన్నప్పటి నుంచీ పాపారావు నా మాట తీసెయ్యడు. ముగ్గురి సంతకాలూ అయిపోయి, నాలుగోదానికి చోటు వదిలిన అంగీకార పత్రాన్ని మడిచి నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి శ్రీదుర్గకి చెప్పాను. దాచలేదు. ఆవిడ చేస్తున్న పని ఆపి, "అడగాలనుకుంటే ఇక్కడే పదిసార్లు అడగండి. కోడిని మేపినట్టు మేపి, అంత దూరం తీసికెళ్ళి అడగడం ఏవిటండీ?" అంది. నేను కోప్పడ్డాను. తప్పు చేసేవాడికి కోపం బాగా వస్తుంది.

ఏలూరు స్టేషన్‌కి పాపారావు భార్య మాణిక్యం కూడా వచ్చింది. వాడు కొత్త చొక్కా వేసుకుని, మెడలో పాస్‌పోర్టు సంచీ తగిలించుకుని, పెళ్ళికొడుకు ముస్తాబులో ఉన్నాడు. రైలు కదలబోతుంటే ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, "ఈశ్వరప్రసాద్ అన్నయ్యగారూ, ఆయన్ని మీ చేతుల్లో పెడుతున్నానండీ. నీళ్ళు చూస్తే ఆగరు. మీరున్నారని ధైర్యం," అంది. నేను తల ఊపాను. నా సంచీలో బట్టల కింద ఆ కాయితం ఉంది.

హైదరాబాదులో విమానం ఎక్కి ఫుకెట్‌లో దిగాం. అక్కడ అద్దాల వెనక కూచున్న ఆఫీసరమ్మ పాస్‌పోర్టు తిరగేసి పాపారావుని ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎందుకొచ్చావని అడుగుతోందిరా అని సాయికృష్ణ వెనక నుంచి చెప్పాడు. పాపారావు ఒకసారి మా ముగ్గురి వైపూ తిరిగి, చెయ్యి చూపించి, "ఫ్రెండ్స్!" అన్నాడు గట్టిగా. ఆవిడ నవ్వి ముద్ర కొట్టేసింది. నా వంతు వచ్చినప్పుడు నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

అక్కణ్ణుంచి పడవలో గంట ప్రయాణం చేస్తే ఒక చిన్న దీవి. ఆ దీవి పేరు ఇప్పటికీ నాకు సరిగ్గా పలకడం రాదు. కొబ్బరిచెట్లు మన కోనసీమలో ఉన్నట్టే ఉన్నాయి గానీ, నీళ్ళు మాత్రం అలాంటివి నేనెక్కడా చూడలేదు. మంగినపూడిలో మనం చూసే సముద్రం బురదరంగు. ఇక్కడ నడుం లోతులో నిలబడితే కాలిగోళ్ళు కనపడుతున్నాయి.

వీరాస్వామి రైస్ కుక్కరు, రెండు కేజీల బియ్యం, ఆవకాయ జాడీ మోసుకొచ్చాడు. హోటలువాళ్ళు గదిలో వండకూడదన్నారు. వాడు వినయంగా అన్నిటికీ ఎస్ ఎస్ అని, తలుపేసుకుని అన్నం పెట్టేశాడు. వేడన్నంలో ఆవకాయ కలిపి ముద్దలు చేసి మా ముగ్గురి చేతుల్లో పెట్టాడు. కిటికీలోంచి సముద్రం చూస్తూ తిన్నాం. ఆ రుచి మళ్ళీ నాకు దొరకలేదు.

ఇక పాపారావు సంగతి చెప్పాలి. మాణిక్యం అన్నట్టే వాడు నీళ్ళు చూస్తే ఆగలేదు. పంచె గోచీ పెట్టి దిగాడు. హోటలులో ఉన్న తెల్లవాళ్ళంతా చూస్తున్నారన్న బిడియం లేదు. కాలవలో ఈదినవాడు గదా, మునిగి చాలా దూరంలో తేలాడు. తేలి, అక్కణ్ణుంచే అరిచాడు.

"ఒరేయ్ ప్రసాదూ! కాళ్ళ చుట్టూ అన్నీ చేపలేరా! రంగురంగులవి! మేత వెయ్యకుండా ఇన్ని చేపలేంట్రా బాబూ!"

మేం ముగ్గురం ఒడ్డున పడీ పడీ నవ్వాం. సాయికృష్ణ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. యాభై దాటిన నలుగురు మనుషులం, ఆ పూట పదేళ్ళవాళ్ళమైపోయాం. వీరాస్వామి ఇసకలో పడుకుని తనని పాతిపెట్టమన్నాడు. పాతిపెట్టాం. ఆ పొట్టకి సరిపడా ఇసక తవ్వేసరికి మా నడుములు పడిపోయాయి. నేనెందుకొచ్చానో ఆ రోజు నాకు నిజంగానే గుర్తులేదు.

రెండో రోజు సాయంత్రం సాయికృష్ణ నన్ను పక్కకి పిలిచి, "అడిగావా?" అన్నాడు.

"లేదు."

"రేపు అడుగు. మంచి ఊపులో ఉన్నాడు."

మూడో రోజు పొద్దున్న లేచేసరికి పాపారావు మంచం ఖాళీ. తెల్లవారుజామున వానపడింది. నీళ్ళలోకి ఒక్కడే దిగాడేమో అనిపించింది. ఒడ్డంతా వెతికాను, లేడు. హోటలు గేటు దగ్గరున్న మనిషి చేత్తో దీవి లోపలి వైపు చూపించాడు. రబ్బరు తోటల మధ్య నుంచి రోడ్డు పట్టుకుని మైలు దూరం నడిచాను. జేబులో కాయితం పెట్టుకునే వెళ్ళాను. ఒంటరిగా దొరికితే అడిగేద్దామని.

మలుపు తిరిగాక ఆగిపోయాను. అక్కడ చేలున్నాయండీ. సముద్రం మధ్యలో, కొబ్బరిచెట్లకీ కొండకీ నడుమ, ఇరవై ముప్ఫై ఎకరాల వరి చేలు. గట్లు, బోదె, గట్టు మీద గేదె. వానకి ఒక గట్టు తెగి నీళ్ళు పోతున్నాయి. ఒక ముసలాయన గండి పూడుస్తున్నాడు. ఆయన పక్కన మోకాళ్ళ దాకా బురదలో పాపారావు.

ఆయన పార ఇప్పుడు పాపారావు చేతిలో ఉంది. వాడు తెలుగులోనే మాట్లాడుతున్నాడు. "ఏవండీ, పైపైన వేస్తే నిలవదండీ. కింద గడ్డి పెట్టి తొక్కాలి. ఇలాగ. ఇదిగో, చూశారా?" ముసలాయన తన భాషలో ఏదో అన్నాడు. "ఆయ్, మా వైపు కూడా అంతేనండీ," అన్నాడు పాపారావు. ఇద్దరూ కలిసి గడ్డి తొక్కారు. మట్టి వేశారు. పది నిముషాల్లో గండి కట్టుకుంది. ముసలాయన పాపారావు భుజం తట్టి నవ్వాడు. ఆయనకి ముందు పళ్ళు లేవు.

నేను చెట్టు చాటునే నిలబడ్డాను. నా చెయ్యి జేబులోనే ఉంది. అంత ప్రశాంతంగా ఉన్న మనిషి దగ్గరికెళ్ళి ఆ మాట ఎలా అడగను? సిగ్గేసింది. చేను కనపడని చోటికని సముద్రం దాటించి తీసుకొస్తే, దేవుడు అక్కడ కూడా ఒక చేను పెట్టి ఉంచాడు.

వాడే నన్ను చూశాడు. "ఒరేయ్, నువ్వొచ్చావా! చూశావా, ఇక్కడ కూడా మన బతుకే!" అని చెయ్యి ఊపాడు. ముసలాయన ఇంట్లోంచి ఇద్దరికీ కొబ్బరిబొండాలొచ్చాయి. తాగి, వాడు అడిగితే ఫోనులో ఆ చేను ఫొటో తీసి, బురదకాళ్ళతో హోటలుకి నడిచాం. దారి పొడుగునా వాడు ఆ వరి రకం గురించే మాట్లాడాడు. అడగడానికి మైలు దూరం ఉంది. అడగలేదు.

ఆ సాయంత్రం సాయికృష్ణకి నా ముఖం చూడగానే తెలిసిపోయింది. "నీవల్ల కాదు," అన్నాడు. తిట్టలేదు. "పోనీలే," అన్నాడు వీరాస్వామి, కుక్కరు కడుగుతూ. అంతటితో అయిపోయిందనుకున్నాను. మనసు తేలికపడింది కూడా.

మర్నాడు తిరుగు ప్రయాణం. పడవ రేవు దగ్గర బల్ల మీద నేనూ పాపారావూ కూచున్నాం. మిగతా ఇద్దరూ ఇంటికి తీసికెళ్ళడానికి ఏవో కొనడానికి వెళ్ళారు. పాపారావు సముద్రం వైపు చూస్తూ అన్నాడు.

"తెచ్చావుగా. ఇలా ఇవ్వు."

"ఏంటి?"

"కాయితం."

నేను బల్ల మీంచి లేవబోయాను.

"సాయికృష్ణకి నామీద అంత ప్రేముంటే ముదినేపల్లి సెంటర్లో ఎప్పుడైనా టీ ఇప్పించేవాడు గదరా. ఒక్కసారిగా విమానం ఎక్కిస్తాడా?" అని నవ్వాడు. "ఏలూరులో రైలెక్కినప్పుడే అనుకున్నాను. నువ్వు ఎప్పుడడుగుతావా అని నాలుగు రోజులూ చూశాను."

"తెలిసీ ఎందుకొచ్చావురా?"

"మీ ముగ్గురూ కలిసి నన్నెక్కడికైనా తీసికెళ్ళి ఎన్నాళ్ళైందిరా?"

నేను తలొంచుకున్నాను. "వద్దురా. నేను అడగనులే. ఊరికెళ్ళాక వాళ్ళకి నేను చెప్పుకుంటాను," అన్నాను. నిజంగానే అన్నాను.

"నువ్వడిగుంటే కాదనేవాణ్ణే. కానీ కాదన్నాక ఏమవుతుంది? ఊట దిగినప్పుడల్లా, మిషను దిగబడినప్పుడల్లా మీరు నన్ను తిట్టుకుంటారు. లోపల తిట్టుకుంటూ పైకి నవ్వుతారు. నాకా నవ్వు వద్దురా. నిన్నా మొన్నా నవ్వారు చూడు, అది చాలు. ఇవ్వు."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండొచ్చు. చింపి నీళ్ళలో పారెయ్యొచ్చు. నేను ఆ రెండూ చెయ్యలేదు. నా చేలో దిగబడిన కోత మిషను గుర్తొచ్చింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. వాడు కుక్కరు పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాయితం పరిచి, నిదానంగా పేరు మొత్తం రాశాడు. మడిచి నాకిచ్చి, పడవొస్తోందిరా అని లేచాడు.

ఊరికొచ్చిన వారానికి పొక్లెయిన్లు దిగాయి. మొదటి రోజు పాపారావు వచ్చాడు. బోదె పక్కన తుమ్మచెట్టు కింద దాచుకున్న పార తీసుకున్నాడు. డ్రైవరు వాణ్ణి చూసి ఇంజను తగ్గించి, "మొదలెట్టమంటారాండీ?" అని అడిగాడు. "కానివ్వండి," అన్నాడు పాపారావు. పార భుజాన వేసుకుని దారి పట్టాడు. గట్లు అయిదు రోజుల్లో లేచిపోయాయి. ఎవరి చేను ఎక్కడ మొదలయ్యేదో ఆ తర్వాత నేను కూడా చెప్పలేకపోయాను. కాలవకి నీళ్ళొచ్చేసరికి చెరువు సిద్ధంగా ఉంది.

అంతా అనుకున్నట్టే జరిగింది. ఊట బాధ లేదు, మిషను బాధ లేదు. సంక్రాంతికి ముందు, ఇంట్లో గాదె అడుగంటాక, శ్రీదుర్గ నన్ను బియ్యం తెమ్మంది. మా ఇంట్లో బియ్యం కొనడం అదే మొదటిసారి. ముదినేపల్లి కొట్లో నిలబడి ఏ రకం కావాలండీ అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఏదో ఒకటి ఇవ్వండి అన్నాను. బస్తా బండి మీద పెట్టుకుని వస్తుంటే ఎవరైనా చూస్తారేమోనని సందులోంచి వచ్చాను. శ్రీదుర్గ అన్నం వండి, ఎసరు లెక్క కుదరలేదండీ, కొత్త బియ్యం గదా అంది. ఆ రోజు అన్నం మెత్తగా అయింది. ఇద్దరం అదే తిన్నాం.

పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలన్న ప్రశ్న పాపారావు ఒక్కడిదే అనుకున్నాను. అది నాది కూడా అని ఆ చలికాలంలో తెలిసింది. అయిదింటికి మెలకువ వస్తుంది. చొక్కా వేసుకుని వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాను. పాపారావు నాకన్నా నయం. నారు పోసే రోజులొస్తే అత్తిలి వెళ్ళి బావమరిది చేలో నెల్లాళ్ళుండి వస్తాడు. ఆ నెల వాడి ముఖం కళకళలాడుతుందని మాణిక్యం చెబుతుంది. మిగతా నెలలు ఎలా ఉంటాడో ఆవిడ చెప్పదు, నేనూ అడగను.

మేం కలవడం మానలేదు. వీరాస్వామి ఇంట్లో కూరొండితే మిగతా ముగ్గురం వెళతాం. పాపారావు ఎప్పటిలాగే జోకులేస్తాడు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఆ నాలుగు రోజుల ఫొటోలు నా ఫోనులో అలాగే ఉన్నాయి. వీరాస్వామి పొట్ట మీద ఇసక గుట్ట, పాపారావు గోచీ, సాయికృష్ణ కళ్ళద్దాలు లేని ముఖం. చూస్తుంటే నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే లోపల కలుక్కుమంటుంది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ లేవు. అవి మేం కుట్ర చేసి తెచ్చుకున్న రోజులు.

ఈ వేసవిలో ఒక సాయంత్రం పాపారావు మా అరుగు మీద కూచున్నాడు. నేను ఫోను తీసి ఆ ఫొటోలు చూపించాను. వాడు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు, ముసలాయన చేను దగ్గర కాసేపు ఆగాడు. నాకు ఉండబట్టలేదు.

"ఒరేయ్, మళ్ళీ వెళ్దామా? మనమిద్దరమే అయినా సరే."

"వెళ్దాంలే," అన్నాడు వాడు, ఫోను నా చేతికిస్తూ. "ఈసారి ఏం కావాల్రా?"

వెటకారంగా అని ఉంటే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. వాడు నిజంగానే అడిగాడు.